మూడు మీటర్ల మీద జానెడు

మా కోర్ షెడ్డుకి మూడు గోడలే ఉంటాయి. జీపు వెనక్కొచ్చి పెట్టెలు దించడానికి వీలుగా నాలుగో వైపు బార్లా తెరిచి ఉంచారు. పైన రేకులు, కింద గచ్చు, మధ్యలో నడుం ఎత్తు ఇనప బల్లలు. బల్లల మీద పెట్టెలు, పెట్టెల్లో వరసగా పేర్చిన రాయి. కొత్తగా చూసేవాళ్ళు ఎవరైనా ముందు ఒకటే అడుగుతారు, ఇన్ని రాళ్ళు ఏం చేసుకుంటారని.

మేం రాగి కోసం వెతుకుతున్నాం. ఈ రకం రాగి ఒకచోట ముద్దగా దొరకదు. కొండంత రాయిలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పసుపురంగు మెరుపుగా ఉంటుంది. పైనుంచి ఎంత చూసినా తెలియదు కాబట్టి రిగ్గు అనే తవ్వే యంత్రం పెట్టి నిలువునా కన్నం వేస్తాం. ఆ కన్నం నాలుగు వేళ్ళ వెడల్పు. బోలు గొట్టం లోపలికి దిగి మూడు మీటర్లు తవ్వుతుంది, దాని కడుపులో మణికట్టు లావు రాతి కడ్డీ ఇరుక్కుంటుంది, దాన్నే కోర్ అంటాం. గొట్టాన్ని ఇనప తీగతో పైకి లాగి, రాయి తీసి పెట్టెలో పేర్చి, చివర చెక్కముక్క మీద లోతు రాసి కింద నా దగ్గరికి పంపుతారు. నేను టేపు పెట్టి కొలుస్తాను, నీళ్ళు చల్లి భూతద్దంతో చూస్తాను, రిజిస్టర్లో రాస్తాను. మూడు మీటర్లు తవ్వితే మూడు మీటర్ల రాయి రావాలి. తక్కువొస్తే లోపల పొడైపోయిందని అర్థం. ఎక్కువ మాత్రం రాకూడదు.

ఆ రిగ్గు నడిపే డ్రిల్లరు మా బావ. మా అక్క మొగుడు. పాత కంపెనీ మూతపడి ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే అక్క నా ప్రాణం తోడేసింది. పెద్దాయన కాళ్ళా వేళ్ళా పడి నేనే ఇక్కడ పెట్టించాను. పెద్దాయనంటే మా క్యాంపు మొత్తానికి అధికారి. బావ బస్సెక్కిన రోజు అక్క ఫోన్ చేసింది.

"ఇదిగో, నా మొగుణ్ణి నీ చేతిలో పెడుతున్నాను. ఎలా పంపానో అలా తిరిగి పంపించు. గీత పడినా ఊరుకోను."

"నీ మొగుడేమన్నా గాజుబొమ్మా?" అన్నాను.

"నాకు గాజుబొమ్మే," అంది.

బావ సిగరెట్లు మానేసి లవంగాలు పట్టుకున్నాడు. అది అక్క పెట్టిన షరతు. చొక్కా జేబులో, ప్యాంటు జేబులో, హెల్మెట్ సందులో కూడా లవంగాలే. మనిషి రాకముందే వాసన వస్తుంది. నన్ను రాళ్ళమ్మా అని పిలిచేవాడు. క్యాంపులో అందరికీ ఆ పేరే ఖాయమైంది, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

వచ్చిన మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాడు. ఒకదానికొకటి బిగించి దించే ఇనప రాడ్లు లోపలికి ఎన్ని దిగాయో లెక్కపెట్టుకోవడమే లోతు తెలుసుకునే పద్ధతి. ఒక రాడ్డు లెక్క తప్పి పది పెట్టెల మీద లోతులన్నీ తప్పు రాశాడు. పెద్దాయన నన్ను పిలిచి, ఇంకొక్కసారి లెక్క తేడా వస్తే మీ బావని సామాను సర్దుకోమను అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చేసిన తప్పంతా ఇక్కడే మొదలైంది.

నడుముకి కట్టుకునే సేఫ్టీ బెల్టు కోసం బావ ఎత్తు కావాల్సి వచ్చింది. షెడ్డు మూలనున్న కర్ర స్తంభానికి ఆనుకుని నిలబడమని, నెత్తి మీద స్కేలు పెట్టి ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. నూట డెబ్భై ఒకటి.

"నూట డెబ్భై మూడు రాయి," అన్నాడు బావ.

"రెండు సెంటీమీటర్లు ఎక్కడినుంచి తేను?"

"మీ అక్కకి అంతే చెప్పాను. ఇన్నేళ్ళుగా నమ్ముతోంది."

ఇద్దరం నవ్వుకున్నాం. స్తంభం మీద మాత్రం నూట డెబ్భై ఒకటనే రాశాను.

రిగ్గు దగ్గర ఇంజను హోరులో మాట వినబడదు. అందుకని రెంచితో రాడ్డు మీద కొట్టి సైగ చేసుకుంటారు. ఒక దెబ్బ కొడితే ఆపమని. రెండు కొడితే పైకి లాగమని. మూడు కొడితే కిందకి దించమని. ఏ రిగ్గు దగ్గరైనా ఇవే సైగలు. బావ కొట్టే రెండు దెబ్బలు ఎవరైనా గుర్తుపట్టచ్చు, మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. ఇంట్లో తలుపు కూడా అలాగే తడతాడని, రెండో దెబ్బకి బద్ధకమని అక్క వెక్కిరించేది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పొగమంచు దిగింది. మిట్టమధ్యాహ్నం జీపు లైట్లు వేసుకుని రావాల్సి వచ్చింది. కొండ మీద రిగ్గు చప్పుడు రోజూ వినపడేదే, మంచులో అది ఏ వైపు నుంచి వస్తోందో తెలియకుండా పోయింది. రేకుల మీంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. గచ్చంతా తడి మట్టి వాసన.

జీపు దించిన పెట్టెలో నాలుగు వందల రెండు నుంచి నాలుగు వందల అయిదు మీటర్ల వరకు రాయి ఉంది. టేపు పెట్టాను. మూడు మీటర్ల పందొమ్మిది సెంటీమీటర్లు. మళ్ళీ కొలిచాను. అంతే.

వాకీటాకీ తీశాను. "బావా, నీ గొట్టం పొడుగెంత?"

"మూడు మీటర్లు. రాత్రికి రాత్రి పెరిగిందా ఏంటి?"

"జానెడు రాయి ఎక్కువొచ్చింది."

గొంతు తగ్గించి, "రాళ్ళమ్మా, రాడ్లు మూడుసార్లు లెక్కపెట్టాను. ఒట్టు. పెద్దాయనకి చెప్పకు," అన్నాడు.

చివరి ముక్క చూశాను. మిగతా రాయంతా బూడిదరంగు, తెల్లటి చారలు, మధ్యలో రాగి చుక్కలు. ఈ ముక్క ఒక్కటే లేత గోధుమరంగులో నున్నగా ఉంది. చారల్లేవు, చుక్కల్లేవు. సరిగ్గా పందొమ్మిది సెంటీమీటర్లు. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా తగిలింది. తవ్వకం రాపిడికి వేడెక్కి ఉంటుందిలే అనుకున్నాను.

మా పనిలో ఎవరూ చేయకూడనిది అప్పుడు చేశాను. వరసలోంచి ఆ ముక్క తీసేసి, బల్ల కింద ఖాళీ పెట్టెలో పడేసి, రిజిస్టర్లో మూడు మీటర్ల సున్నా సున్నా అని రాశాను. బావ ఉద్యోగం కోసమే చేశాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

సాయంత్రం లోపల ఇంకో నాలుగు విడతలు వచ్చాయి. ప్రతి విడతకీ మూడు మీటర్ల పందొమ్మిది. ప్రతిసారీ చివర అదే లేత గోధుమరంగు ముక్క. ప్రతిసారీ బల్ల కింద పెట్టె, రిజిస్టర్లో సున్నా సున్నా. చీకటిపడే వేళకి పని ఆపి బావ కిందకి దిగాడు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని సగం తిని లేచాడు.

"ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను.

"బానే ఉంది. కాస్త తేలిగ్గా ఉంది, అంతే," అన్నాడు.

జ్వరం వచ్చి తగ్గినప్పుడు అలాగే ఉంటుంది కదా, అదేననుకున్నాను.

పొద్దున్న లేచేసరికి మంచు ఇంకా చిక్కబడింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. పదకొండయ్యేసరికి ఇంకో మూడు విడతలు దించి జీపు మళ్ళీ పైకెళ్ళింది. మూడింటిలోనూ అదే. ఈసారి తీసిన ముక్కలు బల్ల కింద పడేయబోతూ, నిన్నటివాటి మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉన్నాయి.

రాత్రంతా చలిలో పడున్న రాళ్ళు. పక్క పెట్టెలో రాయి ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇవి మాత్రం వెచ్చగా...

ఒక్కోటీ తీసి బల్ల మీద పెట్టాను. నీళ్ళు చల్లాను. తడిసిన రాయికి ఒక వాసన ఉంటుంది, పదేళ్ళుగా పీలుస్తున్నదే. ఇప్పుడొచ్చింది అది కాదు. లవంగాల వాసన. చుట్టూ చూశాను, బావ వచ్చాడేమోనని. తెరిచి ఉన్న వైపంతా మంచు, అంతే.

విరిగిన రాతి ముక్కల అంచులు ఒకదానికొకటి అతికించి చూడడం మాకు అలవాటు. ఒకచోట విరిగినవైతే పన్ను పన్నుకి అతుకుతాయి. ఈ ముక్కల మధ్య మూడేసి మీటర్ల వేరే రాయి ఉంది, కాబట్టి అతకవు. అతకకూడదు. నిన్నటి మొదటి ముక్క చివర రెండో ముక్క పెట్టాను. టక్కున కూర్చుంది. దానికి మూడోది. నాలుగోది. ఎనిమిదీ ఒకే కడ్డీ అయిపోయాయి. సందులో గోరు కూడా పట్టలేదు.

టేపు పెట్టాను. నూట యాభై రెండు.

ఇంకో పందొమ్మిది కలిపితే...

లెక్క నోటితో చేస్తుండగానే కళ్ళు మూలకి పోయాయి. స్తంభం మీద ఎర్ర గీత. నా చేత్తో నేను రాసిన అంకె. వాకీటాకీ అందుకున్నాను.

"బావా! ఎంత లోతులో ఉన్నావు?"

"నాలుగు వందల ఇరవై ఏడు. ఇంకో రెండు మీటర్లు తవ్వి పైకి తీస్తా. ఏం?"

"ఆపెయ్."

"ఎందుకు?"

ఏమని చెప్పను? నీ ఎత్తు రాయి పైకొస్తోంది, ఇంకో ముక్కే మిగిలింది అనా?

"తర్వాత చెబుతాను. అన్నీ అలాగే వదిలేసి కిందకొచ్చెయ్ బావా. నీకు దండం పెడతాను."

గొంతులో తేడా తెలిసినట్టుంది, వెటకారం చేయలేదు. "సరే, ఏడవకు. వస్తున్నా. గొట్టం లోపలుంటే ఇరుక్కుపోతుంది, పెద్దాయన తోలు తీస్తాడు. అది పైకి లాగేసి వచ్చేస్తా. పది నిమిషాలు."

"వద్దు! గొట్టం తియ్యొద్దు!"

"నువ్వేగా ఆపమన్నావు?"

"తియ్యొద్దు బావా... ముట్టుకోవద్దు..."

బొత్తాం నొక్కి పట్టుకుని నేను అరుస్తున్నంతసేపూ నా మాటే వెళ్తుంది, ఆయన మాట నాకు రాదు. ఆ తెలివి వచ్చి వేలు తీశాను. అప్పటికే కొండ మీంచి వినిపించింది.

టంగ్... టుంగ్.

మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. తీగ చుట్టుకుంటున్న చప్పుడు. కింద నుంచి నాలుగు వందల మీటర్లు పైకి రావాలి. ఆ నిమిషాలన్నీ బావా బావా అని పిలుస్తూనే ఉన్నాను. వాకీటాకీ ఎక్కడో పెట్టేసినట్టున్నాడు, ఎవరూ పలకలేదు. తీగ చప్పుడు ఆగింది. తర్వాత వాకీటాకీలో బావ గొంతు, దగ్గరగా, నాతోనే మాట్లాడుతున్నట్టు.

"ఇదేంటి రాళ్ళమ్మా... మీటరే తవ్వాను. గొట్టం ఇంత బరువుందేంటి..."

తర్వాత ఏమీ లేదు. ఇంజను కూడా ఆగిపోయింది. ఆ కొండ మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

రిగ్గుకి నీళ్ళు పంపే గొట్టం పట్టుకుని దాని వెంబడే కొండెక్కాను. ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. పైన రిగ్గు పక్కన బావ అసిస్టెంటు కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల పైన ఉంటాడని అందరూ జిరాఫీ అంటారు. ఆ మనిషి మోకాళ్ళ మధ్య తలపెట్టుకుని ఇంతైపోయాడు.

"ఇక్కడే ఉన్నారమ్మా," అన్నాడు. "నా ఎదురుగానే గొట్టం విప్పుతున్నారు. రెంచి ఇవ్వమన్నారు. నేను వంగి తీసి ఇచ్చేలోపల..."

గొట్టం విప్పి ఉంది. అందులో మీటరు బూడిదరంగు రాయి. దాని చివర లేత గోధుమరంగు ముక్క, జానెడు. బావ సేఫ్టీ బెల్టు తాడుతో సహా రిగ్గుకి తగిలించే ఉంది. బక్కిల్ పెట్టి ఉంది, లాగి చూశాను. ఆ బెల్టు విప్పకుండా మనిషి బయటికి రాలేడు.

వారం రోజులు వెతికారు. మంచులో కాలు జారి లోయలో పడ్డాడని రాసుకున్నారు. లోయలో ఏమీ దొరకలేదు. పెద్దాయన కాళ్ళ దగ్గర ఆ తొమ్మిది ముక్కలూ పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు. రిజిస్టర్ తెప్పించి పేజీలు తిప్పాడు.

"ప్రతి విడతా మూడు మీటర్ల సున్నా సున్నా అని ఉంది కదమ్మా. నీ చేతి రాతే కదా. ఈ ముక్కలు ఎక్కడివని చెప్పను నేను?"

పదేళ్ళలో నేను అబద్ధం రాసిన పేజీ అదొక్కటే.

కన్నం మూసేసి రిగ్గు దించెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మూసేముందు టేపు చివర బరువు కట్టి లోతు కొలవాలి, అది నా పని. నాలుగు వందల ఇరవై ఏడు మీటర్లు తవ్వాం. టేపు దించాను. నాలుగు వందల ఇరవై అయిదు మీటర్ల ఇరవై తొమ్మిది దగ్గర బరువు ఆగింది.

ఎంత తక్కువో నాకు తీసివేత అక్కర్లేకపోయింది.

"అడుగున రాళ్ళు కూలి పూడుకుంటుంది, మామూలే," అన్నాడు పెద్దాయన.

రాయి మీద పడితే బరువు ఠప్‌మని ఎగురుతుంది, చేతికి తెలుస్తుంది. ఇది ఎగరలేదు. మెత్తగా ఆగింది. పైకి లాగి చూస్తే ఇనప బరువు వెచ్చగా ఉంది. వాసన చూడలేదు. ధైర్యం చాల్లేదు.

సిమెంటు కలిపే మనిషి బయటినుంచి వచ్చాడు, మా సంగతులేవీ తెలియనివాడు. పంపు గొట్టం కన్నంలోకి పెట్టి మీట మీద చెయ్యి వేశాడు. అప్పుడు వినిపించింది. కింద నుంచి, కన్నానికి తొడిగిన ఇనప గొట్టం మీద.

టంగ్... టుంగ్.

జిరాఫీ నా వైపు చూశాడు.

"పైకి లాగమంటున్నారమ్మా," అన్నాడు గుసగుసగా.

ఏం పెట్టి లాగను? నాలుగు వేళ్ళ వెడల్పు కన్నం. నాలుగు వందల మీటర్ల లోతు. పెద్దాయన కాళ్ళు పట్టుకున్నాను, ఆపమని. ఆయన నన్ను లేపి, భుజం చుట్టూ చెయ్యి వేసి, ఇనుము చలికి ముడుచుకుంటే అలాగే మోగుతుందమ్మా అని చెప్పి, కానివ్వమని సైగ చేశాడు. సిమెంటు దిగడం మొదలైంది. ఎంతసేపు దిగిందో తెలియదు. ఉన్నట్టుండి పంపు ఆగింది. సిమెంటు మనిషి మీట వదిలేసి మావైపు తిరిగాడు.

"ఒక దెబ్బ కొట్టారుగా? ఎవరు ఆపమన్నది?"

ఒక్కొక్కరి మొహం చూసి, మళ్ళీ మీట నొక్కాడు. తర్వాత ఇంకే చప్పుడూ రాలేదు.

ఉద్యోగం మానేసి అక్క దగ్గరికి వచ్చేశాను. ఎలా పంపానో అలా తిరిగి పంపించమన్న మనిషి ముందు ఉత్త చేతులతో నిలబడ్డాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తొమ్మిది ముక్కలూ కొండ మీద పారేసి రాలేకపోయాను. పెట్టెలో పేర్చి తెచ్చి, ఆఫీసు రాళ్ళని చెప్పి నా మంచం కింద పెట్టాను.

అక్క ఆ గదిలోనే నా పక్కన పడుకుంటుంది. నాలుగో రోజు పొద్దున్న చూస్తే మంచం మీద లేదు. కింద నేల మీద, పెట్టె మూత తీసి, రాళ్ళ మీద అరచెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. నేను వచ్చాక తను అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదటిసారి చూశాను. లేచాక అడిగింది.

"ఏమే, రాళ్ళు ఇంత వెచ్చగా ఉంటాయా?"

"కొన్ని ఉంటాయి," అన్నాను.

అప్పటినుంచి రోజూ అక్కడే పడుకుంటోంది. చలేస్తుందని పెట్టెకి దుప్పటి కప్పుతోంది. తీసుకుపోయి ఎక్కడైనా పూడ్చేద్దామని ఒకసారి చెయ్యి వేశాను, నా చెయ్యి పట్టుకుని తోసేసింది.

నిన్న అక్క స్నానానికి వెళ్ళినప్పుడు టేపు తీశాను. ముక్కలు ఎన్ని ఉన్నాయో చూశాను. తొమ్మిదే. సందుల్లేకుండా అతికి ఉన్నాయి. ఒకసారి కొలిచి, నమ్మలేక, రెండోసారి కొలిచాను.

నూట డెబ్భై మూడు.